చంపుటకై బ్రతికించే వైరస్

మా కిష్టారెడ్డిపేట నుండి పటాన్‌చెరు వైపు వెళ్ళేవారికి 1972లో వెలసిన ఇక్రిశాట్ పరిశోధనా క్షేత్రం పరిచితమే. అక్కడి శాస్త్రజ్ఞులు దీర్ఘకాలం పోరాడిన శత్రువులలో కంది, శనగ కాయలను తొలిచే శనగపచ్చ పురుగు ఒకటి. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో ఇదే పురుగు మందులకు లొంగక రైతులను నిలువునా ముంచింది.

ఈ పురుగును చంపే వైరస్ ఒకటి కలదు. రైతులు దానిని ఎన్.పి.వి. అంటారు. ఆ రోగంతో చచ్చిన పురుగులను నూరి, వడకట్టి, నీటిలో కలిపి సాయంవేళ చల్లుతారు. ఎండ తగిలితే వైరస్ బలం తగ్గుతుంది. కాస్త బెల్లం కూడా కలుపుతారు. రోగం సోకిన పురుగు మొక్క కొనకు ప్రాకి, తలక్రిందులుగా వ్రేలాడి, లోపలంతా ద్రవమై చిట్లిపోతుంది.

చూపునకు ఇది వట్టి సంహారం. కాని పురుగు కణంలో ప్రవేశించిన వైరస్ మొదట చేయవలసినది ప్రాణరక్షణ!

జంతువుల జీవకణాలలో తమను తాము కూల్చుకొనే ఏర్పాటు ఉన్నది. దీనికి అపాప్టోసిస్ అని 1972లో కెర్, వైలీ, కర్రీ అనే శాస్త్రజ్ఞులు పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆకు రాలుట అని అర్థం. వైరస్ చొరబడినదని గ్రహించిన కణం క్యాస్పేజులనే ఎంజైములను మేల్కొల్పుతుంది. అవి కత్తెరల వలె ప్రొటీనులను ఖండించగా కణం ముక్కలై రాలుతుంది. మా ఉర్దూ మాధ్యమ విద్యార్థులు దీనిని ‘ఖుద్‌కుషీ’ అన్నారు. మేము అంగీకరించలేదు. పొరుగు కణాలను కాపాడే ఈ మరణానికి ఆత్మార్పణమనే మాటే తగును.

కణం త్వరగా చస్తే వైరస్ సంతతి పెరగదు. అందుకే ఎన్.పి.వి. కుటుంబంలోని మరొక వైరస్ పి35 అనే ప్రొటీనును తయారు చేస్తుంది. క్యాస్పేజ్ దానిని కోయబోయి, దానికే అతుక్కొని, ఇక విడివడలేదు. ఎలుక ఎరను కొరికి బోనులో చిక్కినట్లే! పి35 జన్యువు లోపించిన వైరస్ సోకిన కణాలు తొందరగా రాలిపోతాయని 1991లో అమెరికాలో క్లెమ్, మిల్లర్ ప్రభృతులు నిరూపించారు.

మానవులలోను ఇట్టి మోసమే కలదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు కారణమైన పాపిల్లోమా వైరస్, కణానికి మరణాజ్ఞ ఇచ్చే పి53 ప్రొటీనును నాశనం చేయిస్తుంది. చావవలసిన కణం చావక పెరుగుతూ పోతుంది.

పి35 లేని ఆ వైరసే వేరొక జాతి పురుగు కణాలలో చక్కగా వృద్ధి చెందుట విశేషం. ప్రతి పురుగుకూ, దాని వైరస్‌కూ లెక్క వేరు. కారణాలు ఇంకా అనేకం ఉన్నా, శనగపచ్చ పురుగుకు చల్లే ఎన్.పి.వి. పొగాకు లద్దె పురుగుపై పనిచేయదు. దానికి దాని వైరసే కావాలి.