టికెట్టు కన్నా ముందు చట్టం!

విదేశీయాత్ర అనగానే అందరూ చూసేది విమాన ఛార్జీలూ హోటల్ అద్దెలే. గే జంటలు మాత్రం ముందు అక్కడి చట్టం చూసుకోవాలి. నీలి సముద్రంతో ఊరించే మాల్దీవుల్లో స్వలింగ సంపర్కం నేరం. మలేసియాలోనూ అంతే. దాని పొరుగునే ఉన్న థాయ్‌లాండ్‌లోనేమో 2025 జనవరి 23 నుంచి వాళ్ల పెళ్లిళ్లు చట్టబద్ధం! ఆసియాలో ఆ దారి మొదట తొక్కింది తైవాన్, 2019లో.

ఇంకాస్త దూరం వెళ్లగలిగితే... ఆమ్‌స్టర్‌డామ్. 2001లోనే ఇలాంటి పెళ్లిళ్లను ప్రపంచంలో తొలిసారి గుర్తించిన దేశం నెదర్లాండ్స్. వేసవిలో అక్కడి కాలువల్లో రంగురంగుల పడవల ఊరేగింపు చూసి తీరాల్సిందే. ఓ కాలువ గట్టున గులాబీరంగు రాతి త్రికోణాల స్మారకం ఉంటుంది. నాజీల శిబిరాల్లో స్వలింగ సంపర్కుల చొక్కాలకు కుట్టిన గుర్తు అది!

ఇద్దరికీ ఒకే గది కావాలంటే భయపడక్కర్లేని ఊరు... సెలవుల్లో ఎవరికైనా కావలసింది ఆ నిశ్చింతే కదా!