ప్రామాణిక సాధన నికషలలో తెలుగు పఠనం: కీసర, ఉప్పల్, నాచారం నేపథ్యంలో తులనాత్మక పరిశీలన

మూడో తరగతి విద్యార్థి చదవగలడని ఒక నివేదిక, చదవలేడని మరొక నివేదిక చెబితే రెండింటిలో ఒకటి అబద్ధమనుకోవడం సహజం. రెండూ నిజం కావడానికీ అవకాశముంది. అందరికీ ఒకే తరహా ప్రశ్నలు, ఒకే నిర్వహణ విధానం, ఒకే మూల్యాంకన పద్ధతి పాటించినప్పుడు సాధన నికష ప్రామాణికమవుతుంది. అంతమాత్రాన అది మరొక ప్రామాణిక నికషతో పోల్చదగినది కాదు.

2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఈ చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది. గ్రామీణ ఛాయలు మిగిలి ఉన్న కీసర మండలం, నగరంలో ఎప్పుడో కలిసిపోయిన ఉప్పల్, నాచారం ఈ ఒక్క జిల్లాలోనే ఉన్నాయి.

మూడు నికషలు, మూడు పఠనాలు

జాతీయ సాధన సర్వే (న్యాస్) పాఠశాలలో జరుగుతుంది. విద్యార్థి ఒక పాఠ్యాంశాన్ని మౌనంగా చదివి, బహుళైచ్ఛిక ప్రశ్నలకు సమాధానాలు గుర్తించాలి. 2021 నవంబరు 12న 3, 5, 8, 10 తరగతులకు జరిగిన సర్వేలో దేశవ్యాప్తంగా సుమారు 34 లక్షల మంది పాల్గొన్నారు. 2017 సర్వే ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకే పరిమితం కాగా, 2021లో ప్రైవేటు పాఠశాలలూ చేరాయి. మొదటిది ఫలితాలను సరైన జవాబుల శాతంగా ఇచ్చింది, రెండవది 500 పాయింట్ల మానం మీద ఇచ్చింది. కనుక ఈ రెండింటి ఫలితాలలో ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేసి 'ప్రగతి' అనో 'పతనం' అనో తేల్చడం శాస్త్రీయం కాదు. పత్రికలే కాదు, కొన్ని సిద్ధాంతగ్రంథాలు సైతం ఈ తీసివేతకు వెనుదీయడం లేదు.

2005లో మొదలైన అసర్ సర్వే బడికి కాక ఇంటికి వెళుతుంది. జిల్లాకు 30 గ్రామాలు, గ్రామానికి 20 ఇళ్లు దాని నమూనా. 5 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో ఒక్కొక్కరి చేత అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ బయటికి చదివిస్తారు. బడి మానేసిన పిల్లలు కూడా ఇందులో లెక్కకు వస్తారు. ఎనిమిదో తరగతి విద్యార్థికీ ఇదే రెండో తరగతి కథ ఇస్తారు. కాబట్టి అసర్ కనీస స్థాయిని చూపుతుంది తప్ప తరగతి స్థాయిని చూపదు.

2022 మార్చిలో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతిపై జరిపిన పునాది అభ్యసన అధ్యయనం ఒక్కొక్క విద్యార్థినీ విడిగా కూర్చోబెట్టి, నిమిషానికి ఎన్ని పదాలు సరిగా చదవగలరో లెక్కించింది. తెలుగు అధ్యాపకులు ఆగి ఆలోచించవలసిన చోటు ఇదే. 'చదవలేకపోతున్నాడు' అన్నది తెలుగులో ఒక పదం. హిందీలో అదే భావానికి 'పఢ్ నహీఁ పా రహా హై' అని ఐదు పదాలు కావాలి. ప్రత్యయాలూ సహాయక క్రియలూ ధాతువుకు అతుక్కుపోయే భాషలో నిమిషానికి వచ్చే పదాల సంఖ్య తక్కువగా ఉండడం విద్యార్థి లోపం కాదు. గుణింతం, వత్తు కలిసిన అక్షరాన్ని గుర్తించే శ్రమ దీనికి అదనం. ఆ అధ్యయనం భాషలవారీగా వేర్వేరు ప్రమాణరేఖలు నిర్ణయించడం సమంజసమే. ఆ సంఖ్యలను రాష్ట్రాల మధ్య పక్కపక్కన పెట్టి చదివే అలవాటు మాత్రం సమంజసం కాదు.

కనబడని తెలుగు

అసర్ గ్రామీణ సర్వే. దాని నమూనాకు ఆధారం 2011 జనగణన గ్రామాల జాబితా. ఉప్పల్, నాచారం 2007లో ఏర్పడిన గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో చేరిన నగర ప్రాంతాలు కనుక ఆ సర్వే పరిధిలోకి రావు. న్యాస్ అక్కడి పాఠశాలలకు వెళ్లగలదు. అయితే దాని 'భాష' పత్రం పాఠశాల బోధన మాధ్యమంలో ఉంటుంది. అంటే నాచారంలోని ఆంగ్లమాధ్యమ విద్యార్థికి ఆంగ్ల పఠనమూ, తెలుగుమాధ్యమ విద్యార్థికి తెలుగు పఠనమూ 'భాష' అవుతాయి. జిల్లా సగటులో ఈ రెండూ కలిసిపోతాయి. 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆంగ్లమాధ్యమం ప్రవేశించడంతో కీసర గ్రామాల బడులకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది.

మరోవైపు 2018 నాటి చట్టం అన్ని బోర్డుల పాఠశాలల్లోనూ తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. ఆంగ్లమాధ్యమంలో చదివే నగర విద్యార్థి ఆ తెలుగును ఎంత నేర్చుకున్నాడో పైన చెప్పిన మూడు నికషల్లో ఏదీ చెప్పదు.

మిగిలింది పదో తరగతి పబ్లిక్ పరీక్ష. అది ప్రతి విద్యార్థికీ మార్కులిస్తుంది. అయితే ఏటా మారే ప్రశ్నపత్రాల కాఠిన్యాన్ని కలిపే ఉమ్మడి ప్రశ్నలు ఉండవు కనుక సంవత్సరాల మధ్య పోలికకు నిలవదు. కోవిడ్ కారణంగా పరీక్షలు రద్దయిన 2021లో పాఠశాల అంతర్గత మార్కుల ఆధారంగా తెలంగాణలో 2 లక్షల 10 వేలకు పైగా విద్యార్థులకు 10 జీపీఏ లభించింది. పరీక్షకు హాజరు కావలసినవారు సుమారు 5 లక్షల 21 వేల మంది. ఆ సంవత్సరపు మార్కులను సాధనకు కొలతగా తీసుకునే పరిశోధన ముందుగా ఈ సంఖ్యలకు సమాధానం చెప్పాలి.

అంతర్గత మార్కులకే ఈ సమస్య పరిమితం కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలపై అభిజీత్ సింగ్ చేసిన పరిశోధన, కాగితంపై జరిగే అధికారిక పరీక్షల్లో ఫలితాలు వాస్తవం కంటే ఎక్కువగా నమోదవుతున్నాయనీ, ట్యాబ్‌ల ద్వారా పరీక్షిస్తే ఆ వక్రత తగ్గుతుందనీ చూపింది. డగ్ జాన్సన్, ఆండ్రెస్ పరాడో 2021లో ప్రచురించిన విశ్లేషణలో న్యాస్ రాష్ట్ర సగటులు ఇతర సర్వేల కంటే గణనీయంగా ఎక్కువగా ఉన్నాయి.

ఈ జిల్లా మీద పనిచేసే పరిశోధకులు న్యాస్ సగటును ఉటంకించే ముందు నమూనాలోని పాఠశాలలను మాధ్యమం వారీగా విడదీయాలి. అది సాధ్యం కానప్పుడు ఆ సంఖ్యను 'తెలుగు పఠన సామర్థ్యం' అన్న శీర్షిక కింద ఉంచకూడదు. ఉప్పల్, నాచారం ఆంగ్లమాధ్యమ విద్యార్థుల తెలుగు పఠనానికి ప్రత్యేక నికషను వారే రూపొందించుకోవలసి ఉంటుంది. దానికి పాఠ్యపుస్తకంలో లేని కథ ఒకటి, మౌఖిక పఠనం, అవగాహన ప్రశ్నలు, కీసర తెలుగుమాధ్యమ విద్యార్థులకూ అదే కథ ఉంటే ప్రారంభానికి చాలు.