చందమామను తీసిన కెమెరా... ఇంకెన్నాళ్లు?

1969లో చందమామ మీద ఆర్మ్‌స్ట్రాంగ్ ఫొటోలు తీసింది స్వీడన్ కంపెనీ హాసెల్‌బ్లాడ్ కెమెరాతోనే. లెన్సు, వ్యూఫైండరు, ఫిల్ము పెట్టె... దేనికది విడదీసి మార్చుకోవచ్చు. అందుకే స్టూడియోల వాళ్లు దశాబ్దాలపాటు దాన్నే నమ్ముకున్నారు. డిజిటల్ రాకతో గిరాకీ పడిపోయింది. 2013లో ఆ వరసలో చివరి మోడల్ 503సీడబ్ల్యూ తయారీ ఆపేశారు. బోలెడు డబ్బు పోసి కొన్నవాళ్లకు దిగులు పట్టుకుంది. అయితే, ఆ విడదీసే వీలే దాన్ని బతికించింది! కంపెనీ 2024లో తెచ్చిన సీఎఫ్‌వీ 100సీని ఫిల్ము పెట్టె స్థానంలో బిగిస్తే చాలు... 1957 నాటి 500సీ కూడా పది కోట్ల పిక్సెళ్ల డిజిటల్ ఫొటో తీస్తుంది. చిక్కల్లా ఒకటే. లెన్సులోని షట్టరు, లోపలి గేర్లు అరగక మానవు. తయారీ ఆగిన యంత్రానికి విడిభాగాలూ, బాగుచేసే చేతులూ ఏటికేడు తగ్గేవే. ఆ పాత కెమెరాల ఆయుష్షు ఇక మెకానిక్కుల చేతుల్లోనే ఉంది!