పండుగ విందులు – చీనా వైద్యుల జాగ్రత్తలు

చీనా దేశస్థులకు వసంతోత్సవమే సంవత్సరాది. అది జనవరి 21 మొదలు ఫిబ్రవరి 20 లోపల వచ్చును. పదిహేనవనాటి దీపోత్సవముతో ముగియును. ఆ దినములలో ఇంటింటా విందులే. ఉత్తరాదివారు లోపల మాంసమో కూరయో పెట్టిన జియావోజీ అను కుడుములు తిందురు. దక్షిణాదివారు జిగురు బియ్యపు పిండితో నియన్‌గావ్ అను తీపి వంటకము చేయుదురు. వీటికి తోడు చేపలు, పందిమాంసము, మద్యము. మన సంక్రాంతికి అరిసెలు, సకినాలు, గారెలు వరుసగా తిన్న ఇంట మూడవనాడు వినవచ్చు మాటయే అక్కడను వినవచ్చును: కడుపు రాయివలె నున్నది, ఆకలి లేదు.

దీనికి వారు పెట్టిన పేరు షి జీ, అనగా తిన్నది పేరుకొనుట. ఆహారమును గ్రహించి క్రిందికి పంపుట 'వెయ్', అనగా ఆమాశయము, చేయు పని. అందలి సారమును తీసి పైకి చేర్చుట 'పీ' చేయు పని. ఈ 'పీ'ని ప్లీహమని అనువదించుచున్నారు గాని, ఆ మాటతో మన పాఠకులకు భావము చిక్కదు. మనము జఠరాగ్ని కప్పగించిన పనిలో చాలభాగము వారు దీని కప్పగించిరి. అధికభోజనముచే క్రిందికి పోవలసినది నిలిచిపోగా పులిత్రేన్పులు, వికారము, నోటి దుర్వాసన కలుగును.

ఇక్కడ వైద్యుడు తేల్చుకొనవలసిన ముఖ్యవిషయ మొకటి యున్నది. ఈ కడుపు నిండి నిలిచినదా, లేక బలహీనమైనదా? రెంటియందును ఆకలి యుండదు. విందు తరువాత హఠాత్తుగా వచ్చి, నాలుకపై దట్టమైన జిడ్డుపూత కనిపించి, పొట్ట నొక్కిన బాధ హెచ్చినచో నిలిచినదని చెప్పుదురు. చాలకాలముగా ఆకలి మందగించి, నాలుక పాలిపోయి, మనిషి నీరసించియున్నచో బలహీనమని చెప్పుదురు. మొదటిదానికి ఖాళీ చేయుట, రెండవదానికి బలమిచ్చుట చికిత్స. తారుమారైనచో రోగము హెచ్చును. అందుచేతనే పండుగ కానుకగా వచ్చిన జిన్‌సెంగ్ వేరును విందు తిన్న మరునాడే సేవించుట వారు హర్షింపరు. మన ఇండ్లలో ఆకలి పుట్టలేదని పిల్లవానికి లేహ్యము నాకించుటయు ఇట్టిదే. మనవారు అజీర్ణమునందు లంఘనమును ముందు చెప్పినదియు ఇందుకే.

బలహీనమైన కడుపును గూర్చి లీ దోంగ్‌యువాన్ (1180–1251) ప్రత్యేక గ్రంథమే వ్రాసెను. నిలిచిన కడుపునకు జూ దాన్‌షీ (1281–1358) పేరిట వచ్చిన బావో హే వాన్ అను మాత్ర నేటికిని వాడుకలో నున్నది. అందులో ఏడు ద్రవ్యములు. క్రొవ్వు, మాంసములకు షాన్‌జా అను ఎఱ్ఱని పుల్లని చిన్నపండు. పిండివంటలకు ముల్లంగి విత్తులు. వీటికి తోడు పులియబెట్టిన గోధుమపిండి ముద్ద, ఎండిన కమలాతొక్క మున్నగునవి. షాన్‌జా పండ్లను పుల్లకు గ్రుచ్చి, పంచదార పాకములో ముంచి బీజింగ్ వీధులలో శీతకాలమున అమ్ముదురు. గుండెకు, రక్తపోటుకు మందులు వాడువారు దీనిని వైద్యు నడుగక తీసికొనరాదు. అజీర్ణమునకు వారు వాడు మరియొక ద్రవ్యము మొలకెత్తించిన యవలు. ఇవి పాలను తగ్గించునని వారి మతము; బాలింతలకు పనికిరావు.

మన ఇండ్లలో చేయదగినది సులభము. ఒకపూట భోజనము మానవలెను. మధుమేహమునకు మందు వాడువారు మాత్రము మానక, తేలికగా తినవలెను. బాగుగా కడిగి ఎండబెట్టిన కమలాతొక్క 3 గ్రాములు, పలుచని అల్లపు ముక్కలు రెండు, ఒకటిన్నర గ్లాసు నీటిలో మరిగించి గ్లాసునకు దించి, గోరువెచ్చగా కొద్దికొద్దిగా త్రాగవలెను. రెండు దినములు చాలును. గుండెలో మంట గలవారికి ఇది సరిపడదు. తరువాత ఒకవంతు బియ్యమునకు పదివంతుల నీరు పోసి మెత్తగా కాచిన జావ. చీనావారు దీనిని జౌ అందురు. మన పేయ యిదియే. చల్లని పానీయములు వలదు.

ఏడవ శతాబ్దివాడైన సున్ సిమియావ్ భోజనానంతరము మెల్లగా నడిచి పొట్టను చేతితో నిమురుకొమ్మనెను. సుశ్రుతుడు నూరడుగులు నడువుమనెను. ఎవరి మాట విన్నను మంచము దూరమగును. ఆ సున్ సిమియావ్ గ్రంథములోనే సంవత్సరాదినాడు త్రాగు తూసూ అను మద్యయోగ మున్నది. ఇంటిలో అందరికన్న చిన్నవారు ముందు త్రాగుట ఆచారము. అందులో రేవలచిన్ని, నాభిజాతి విషము గూడ నుండుటచే అనుకరింపరాదు. (రేవలచిన్ని, దాల్చినచెక్క పేర్లలోని 'చిన్ని', 'చిన' చీనా దేశమును సూచించు పారసీక పదమే.)

విదేశములనుండి బంధువులు తెచ్చు పేరులేని పొట్లములను వాడరాదు. బెల్జియములో సన్నబడుటకు వాడిన మాత్రలలో ఒక చీనా మూలికకు బదులు ఈశ్వరి జాతి మొక్క చేరుటచే అనేక స్త్రీలకు మూత్రపిండములు చెడిన సంగతి 1993లో ప్రకటితమైనది.

అన్నిటికన్న ముఖ్యము: విందు తరువాతి ప్రతి బాధయు అజీర్ణము కాదు. ఛాతీ మధ్య బరువు, దవడకో ఎడమచేతికో ప్రాకు నొప్పి, చల్లని చెమట, ఆయాసము కలిగినచో గ్యాసని జీలకఱ్ఱ నీరు కాచుచు కూర్చుండక తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మధుమేహము గలవారికి, వృద్ధులకు నొప్పి లేకయే వికారము, చెమట మాత్రము కనిపించవచ్చును. కుడిప్రక్క డొక్కక్రింద తీవ్రమైన నొప్పితో జ్వరము వచ్చినను, విరేచనము నల్లగా తారువలె నైనను ఆలస్యము చేయరాదు.