నలభై ఎనిమిది గంటల ఆట

పొడుపుకథ చిన్నదే. అయినా దానిని అల్లినవారిపై ఒక బాధ్యత ఉంటుంది. విప్పలేకపోయినవారు జవాబు విన్నప్పుడు "అయ్యో, నాకు తట్టలేదే!" అనుకోవాలి గాని, "ఇది ఎవరికి మాత్రం తెలుస్తుంది?" అని విసుగు చెందరాదు. వినేవారిని తికమకపెట్టవచ్చు, మోసగించరాదు. కంప్యూటర్ తెరపై చిక్కుముడుల ఆటను రూపొందించేవారికీ ఇదే ధర్మం వర్తిస్తుంది.

తెరమీది వస్తువులను మౌస్‌తో నొక్కి పరిశీలిస్తూ, ఒకదానిని మరొకదానితో జతపరుస్తూ ముందుకు సాగే ఆటలను 'పాయింట్ అండ్ క్లిక్' ఆటలు అంటారు. వీటిలో వేళ్ల వేగం కన్నా ఆలోచనకే ప్రాధాన్యం. 1987లో రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ రూపొందించిన 'మేనియాక్ మాన్షన్', 1993లో మిల్లర్ సోదరులు రూపొందించిన 'మిస్ట్' ఈ కోవలో ప్రసిద్ధి పొందాయి.

ఇటువంటి ఆటను స్వల్ప వ్యవధిలో తయారుచేసే ఉత్సవమే 'గేమ్ జామ్'. సంగీతకారులు ఒకచోట చేరి అప్పటికప్పుడు వాయించే 'జామ్' నుంచి ఈ పేరు వచ్చింది. 2002లో 'లూడమ్ డేర్' మొదలైంది. 2009లో 'గ్లోబల్ గేమ్ జామ్' తొలిసారిగా 23 దేశాలలో జరిగింది. ఆరంభంలో ఒక అంశాన్ని ప్రకటించి, 48 గంటల గడువు విధించడం ఇటువంటి ఉత్సవాలలో పరిపాటి.

గడువు తక్కువైనప్పుడు చిక్కుముడిని చివరి నుంచి వెనుకకు అల్లుకుంటూ రావడం మంచి పద్ధతి. ఉదాహరణకు, ఒక చిన్న రైల్వే స్టేషన్లో రాత్రివేళ సిగ్నల్ దీపం ఆరిపోయిందనుకుందాం. రైలు వచ్చేలోగా దానిని వెలిగించాలి. అదే ముగింపు. వెలిగించడానికి కిరసనాయిలు, అగ్గిపెట్టె కావాలి. కిరసనాయిలు గోడకు వేలాడుతున్న లాంతరులో ఉంది. అగ్గిపెట్టె తాళం వేసిన సొరుగులో ఉంది. తాళంచెవి ఎక్కడ? గోడ గడియారం ఆగిపోయి ఉంది. దాని తలుపు తెరిస్తే, లోలకానికి అడ్డుపడిన తాళంచెవి కనిపిస్తుంది. గడియారం ఆగడానికి కారణమూ అదే, ఆడేవారికి ఆధారమూ అదే. ఆ తాళంచెవిని ఏ సూచనా లేకుండా ఒక ఇటుక కింద దాచితే అది చిక్కుముడి కాదు, వెతుకులాట మాత్రమే.

చూడడానికి ఇది సులభమే. కాని ప్రతి వస్తువు స్థితిని కంప్యూటర్ గుర్తుంచుకోవాలి. సొరుగు తెరిచి ఉందా? దీపంలో నూనె పోశారా? ఇటువంటి ప్రశ్నలు మూడుంటే 8 రకాల పరిస్థితులు ఏర్పడవచ్చు. పది ఉంటే అవి 1024కు చేరవచ్చు. అందుకే మరొక గదిని, మరొక పాత్రను చేర్చాలన్న ఉత్సాహం ప్రమాదకరం. ఉన్న ఒకే అగ్గిపుల్లను నూనె పోయకముందే గీస్తే ఆట ముందుకు సాగదు. ఆ సంగతి తెలియక ఆడేవారు గంటలకొద్దీ ప్రయత్నిస్తూనే ఉంటారు. 'మేనియాక్ మాన్షన్'లో సైతం ఇటువంటి దారిలేని మలుపులు ఉండేవి. గిల్బర్ట్ 1989లో సాహస క్రీడల లోపాలను విశ్లేషిస్తూ ఒక వ్యాసం రాశారు. 1990లో వెలువడిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్'లో ఆడేవారు అలా చిక్కుకుపోకుండా జాగ్రత్త వహించారు. మన ఆటలోనైతే "నూనె లేని దీపానికి పుల్ల వృథా చేయడమెందుకు?" అని పాత్రచేత పలికిస్తే చాలు. సమస్య తీరుతుంది, సూచనా అందుతుంది.

కాలాన్ని పంచుకోవడంలోనూ వివేకం అవసరం. మొదటి గంటలు కాగితం మీద ఆలోచనకు వినియోగించాలి. సగం గడువు ముగిసేసరికి, బొమ్మల స్థానంలో ఉత్త చతురస్రాలు ఉన్నా సరే, ఆట మొదటి నుంచి చివరివరకు సాగాలి. చిత్రాలు, ధ్వనులు ఆ తరువాతి పనులు. నిద్రను పూర్తిగా మానుకున్నవారికి తమ తప్పులు తమకే కనిపించవు.

చివరి పరీక్ష కఠినమైనది. ఆట గురించి ఏమీ తెలియని ఒకరిని కూర్చోబెట్టి, రూపకర్త వెనుక మౌనంగా నిలబడాలి. వారు కూజాలోని నీటిని దీపంలో పోయబోతే నవ్వరాదు. అది వారి తెలివితక్కువతనం కాదు, కూజాను అనవసరంగా అక్కడ ఉంచిన రూపకర్త పొరపాటు. కూజాను తొలగించాలి, లేదా దానికొక తగిన సమాధానం రాయాలి. ఎంతో ఇష్టపడి గీసిన బొమ్మనైనా వదులుకోగల మనోనిబ్బరం అప్పుడే బయటపడుతుంది.

2017లో నార్డిక్ గేమ్ జామ్‌లో పుట్టిన 'బాబా ఈజ్ యు' అనే చిక్కుముడుల ఆట 2019లో సంపూర్ణ రూపంతో విడుదలై ప్రపంచఖ్యాతి పొందింది. అన్ని ఆటలకూ అటువంటి భాగ్యం కలగదు. అయినా పూర్తయిన ఒక్క గది ఆట, అసంపూర్తిగా మిగిలిన మహాభవనం కన్నా విలువైనది. ముక్కూమొహం తెలియని ఒక వ్యక్తి ఆ స్టేషన్ దీపాన్ని తన బుద్ధిబలంతో వెలిగించి సంతోషించిన క్షణమే రూపకర్త శ్రమకు సార్థకత.