విహారయాత్రలో వ్యాయామం: అర్ధశక్తి సూత్రం

వేసవి సెలవులనగానే పుణ్యక్షేత్రాలు, బంధువుల ఇళ్ళు స్మరణకు రావడం మన ఆనవాయితీ. ఐరోపా దేశాలలో సెలవులను శరీరశ్రమకే వినియోగించే వేరొక పద్ధతి కూడ ఉంది. జూలై, ఆగస్టు మాసాలలో కొండప్రాంతాలకు వెళ్ళి, వారం రెండు వారాలపాటు ప్రతిదినమూ పరుగు తీయడం, సైకిలు తొక్కడం అక్కడివారిలో పలువురికి వినోదం. ఉద్యోగరీత్యా ఆ దేశాలలో ఉంటున్న మన పిల్లలలో కొందరు ఈ శిక్షణ విహారాలకు వెళుతున్నారు. "ఇంత శ్రమ మంచిదేనా?" అని తల్లిదండ్రులు అడుగుతూ ఉంటారు. శ్రమ మంచిదే. అయితే దానికి దేశము, కాలము, బలము అనే మూడు హద్దులున్నాయి.

ఎత్తైన ప్రదేశాల ప్రభావం

ఫ్రాన్సు దక్షిణ సరిహద్దున, పిరనీస్ పర్వతాలలో, సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఫాంట్ రోమ్యూ అనే ఊరుంది. 1968 ఒలింపిక్ క్రీడలు సుమారు 2,240 మీటర్ల ఎత్తున గల మెక్సికో నగరంలో జరిగాయి. అక్కడి పలుచని గాలికి తమ క్రీడాకారులను అలవాటు చేయడానికి ఫ్రాన్సువారు ఫాంట్ రోమ్యూలో శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పారు. బ్రిటన్‌కు చెందిన సుప్రసిద్ధ పరుగు క్రీడాకారులు పౌలా రాడ్‌క్లిఫ్, మో ఫరా ఇక్కడ సాధన చేసినవారే. నేడు సాధారణ యాత్రికులు కూడ అడవి బాటలలో పరుగుకు, కనుమదారులలో సైకిలు తొక్కడానికి వస్తున్నారు.

అంత ఎత్తున గాలిలో ప్రాణవాయువు పాలు మారదు. గాలి ఒత్తిడి మాత్రం సముద్రతీరంలో ఉన్నదానిలో సుమారు ఐదింట నాలుగు వంతులే. అందువల్ల ప్రతి శ్వాసతోను రక్తానికి అందే ప్రాణవాయువు తగ్గుతుంది. ఈ లోటును గ్రహించి మూత్రపిండాలు ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోనును అధికంగా విడుదల చేస్తాయి. దాని ప్రేరణతో ఎముకల మజ్జలో ఎర్ర రక్తకణాలు వృద్ధి చెందుతాయి. ఈ మార్పు చక్కగా నిలదొక్కుకోవడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. వారం రోజులుండి వచ్చేవారికి ఆ లాభం పూర్తిగా దక్కదు. ఆయాసం, దాహం, కలత నిద్ర మాత్రం మొదటి రోజునుండే ఎదురుకావచ్చు. కనుక క్రీడాకారుల దినచర్యను విహారయాత్రికుడు అనుకరించడం తగదు.

శాస్త్రం విధించిన హద్దు

బలవంతులు, స్నిగ్ధాహారం భుజించేవారు శీతకాలంలోను, వసంతంలోను తమ బలంలో సగం మేరకు వ్యాయామం చేయవలెనని, ఇతర ఋతువులలో అంతకంటె తగ్గించవలెనని వాగ్భటాచార్యుని ఉపదేశం. గ్రీష్మ ఋతుచర్యలో వ్యాయామాన్ని వర్జించమనే చెప్పాడు. మరి వేసవిలో ఈ శిక్షణ ఎట్లా? ఇక్కడ దేశభేదాన్ని గమనించవలెను. ఆ కొండలపై జూలైలో సైతం ఉదయాలు మన శీతకాలాన్ని తలపిస్తాయి. అయితే వేడి వేరు, ఎండ వేరు. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. చల్లగా ఉన్నదని టోపీ లేకుండ తిరగరాదు.

సగం బలం వినియోగమైనదని తెలుసుకోవడం ఎట్లా? నుదుట, ముక్కుపై, చంకలలో, కీళ్ళ వద్ద చెమట పుట్టడం, నోరు ఎండడం, నోటితో శ్వాస తీయవలసి రావడం దాని గుర్తులు. అక్కడ వేగం తగ్గించవలెను. హద్దు మీరితే అతిదాహం, దగ్గు, జ్వరం, వాంతి, రక్తపిత్తం, ధాతుక్షయం కలుగుతాయని శాస్త్రం హెచ్చరించింది.

ఇందుకు దృష్టాంతం ఒకటుంది. 1965లో ప్రపంచ విజేతగా నిలిచిన బ్రిటిష్ సైకిలు వీరుడు టామ్ సింప్సన్, 1967 జూలై 13న, టూర్ డి ఫ్రాన్స్ పోటీలో, మాంట్ వాంటూ పర్వతాన్ని ఎక్కుతూ మండుటెండలో కూలిపోయి మరణించాడు. వయస్సు 29 సంవత్సరాలే. శవపరీక్షలో ఉత్తేజకమైన ఆంఫెటమిన్, మద్యం జాడలు బయటపడ్డాయి. అలసట శరీరానికి కాపలాదారు. దానిని మందుతో నిద్రపుచ్చడం ప్రాణాంతకం.

ఆచరణీయ సూచనలు

1. కొత్త అలవాటును పాదాంశిక క్రమంలో, అంటే పావు వంతు చొప్పున పెంచమన్నది చరకుని మార్గం. మొదటి మూడు రోజులు నడక, తేలికపాటి సైకిలు చాలును. ఒకరోజు పరుగెత్తితే మరునాడు సైకిలు తొక్కడం వల్ల మోకాళ్ళకు విశ్రాంతి లభిస్తుంది.

2. దాహానికి తగినట్లు నీరు త్రాగవలెను. మూత్రం ముదురు రంగులో ఉంటే నీరు చాలలేదని అర్థం. దాహం లేకున్నా బలవంతంగా లీటర్ల కొద్దీ నీరు త్రాగరాదు. రక్తంలో లవణం పలుచబడి తలనొప్పి, వాంతి, మతిభ్రమ కలుగుతాయి.

3. చెమట అధికంగా పట్టినప్పుడు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ హితకరం. ఖర్జూరం, ఎండుద్రాక్ష నీటిలో నానబెట్టి, పిసికి వడకట్టిన పానీయం బడలికను పోగొడుతుంది. మధుమేహులు దీనిని మానవలెను.

4. సాయంకాలం గోరువెచ్చని నువ్వులనూనెతో కాళ్ళకు, నడుముకు అభ్యంగనం చేసుకొని, అరగంట తరువాత స్నానం చేస్తే శ్రమ, వాతం శమిస్తాయి. చర్మం చిట్లినచోట నూనె రాయరాదు.

5. సైకిలు సీటు రాపిడికి తొడలు ఒరుసుకుపోతే, శుభ్రపరచి, తడి ఆరిన పిదప కొబ్బరినూనె పలుచగా పూయవలెను. లోదుస్తులు ప్రతిదినం ఉతకవలెను.

6. రాత్రి భోజనంలో నెయ్యి వేసిన పెసరపప్పు పులగం శ్రేష్ఠం. నిద్రను తగ్గించుకొని చేసిన వ్యాయామం నిష్ఫలం.

ఇంటివైద్యం చాలని స్థితులు

ఎండలో శ్రమించిన వ్యక్తి తడబడుతూ, పొంతన లేకుండ మాట్లాడినా, స్పృహ తప్పినా వెంటనే చల్లని నీటితో ఒళ్ళంతా తడిపి, ఐరోపాలో 112 నంబరుకు ఫోను చేయవలెను. తీవ్రమైన కండరాల నొప్పితోపాటు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఆస్పత్రికి వెళ్ళవలెను. కండరాలు చితికి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదమున్నది. ఒంట్లో నీరు తగ్గినవేళ నొప్పి బిళ్ళలు మింగడం ఆ ప్రమాదాన్ని పెంచుతుంది. గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, నలభై దాటి కొత్తగా ఆరంభించేవారు ప్రయాణానికి ముందే వైద్యపరీక్ష చేయించుకొనవలెను.

కొండ ఎక్కడికీ పోదు. సగం బలం మిగుల్చుకొని తిరిగివచ్చినవానికే మరుసటి వేసవిలో దానిని మళ్ళీ ఎక్కే యోగ్యత ఉంటుంది.