రాకెట్‌ దేన్ని తన్ని పైకి లేస్తుంది?

సూళ్లూరుపేటలో రైలు దిగి, పులికాట్‌ సరస్సు దాటి శ్రీహరికోటలో ప్రయోగం చూసొచ్చినవాళ్లు మీలో ఉండే ఉంటారు. రాకెట్‌ దేన్ని నెట్టి పైకి లేస్తుందని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెబుతారు?

నా మొదటి ఇంటర్వ్యూలో నేను ‘నేలను’ అన్నాను. ‘మరి అంతరిక్షంలో నేల ఎక్కడుంది?’ అన్నారాయన. నేవియర్‌-స్టోక్స్‌ సమీకరణం చూడకుండా రాసేవాడిని కానీ, దీనికి నోరు పెగల్లేదు.

జవాబు సెకండియర్‌ ఫ్లూయిడ్‌ మెకానిక్స్‌లోనే ఉంది. రాకెట్‌ చుట్టూ ఊహించుకుని ఒక డబ్బా గీయండి. అదే కంట్రోల్‌ వాల్యూమ్‌. అందులోంచి సెకనుకు ఎంత మొమెంటం కిందికి పోతోందో, దాదాపు అంత బలం రాకెట్‌ను పైకి నెడుతుంది. నేలతో పనే లేదు.

2023 జులై 14న చంద్రయాన్‌-3ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం3నే తీసుకుందాం. బరువు సుమారు 640 టన్నులు. లేచేటప్పుడు మండేవి పక్కనున్న రెండు ఎస్‌200 బూస్టర్లే. మధ్యలోని ద్రవ ఇంజిన్లు నిమిషంన్నర దాటాకే అందుకుంటాయి. ఒక్కో బూస్టర్‌లో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం సుమారు 130 సెకన్లలో అయిపోతుంది. అంటే సెకనుకు ఒకటిన్నర టన్నుపైనే! వాయువులు సెకనుకు రెండున్నర కిలోమీటర్ల వేగంతో పోతాయనుకుంటే, రెండూ కలిపి దాదాపు 8,000 కిలోన్యూటన్లు. రాకెట్‌ బరువు 6,300. మిగిలినదే దాన్ని లేపేది. ఇది సగటు లెక్కే, అసలు థ్రస్ట్‌ క్షణక్షణం మారుతుంది.

చాలామంది మార్కులు పోగొట్టుకునేది దీని తర్వాతే. డబ్బా అంచుల మీది పీడనాన్ని వదిలేస్తారు. నాజిల్‌ మూతి దగ్గర వాయువు పీడనం, బయటి గాలి పీడనం... ఈ తేడాను మూతి వైశాల్యంతో గుణించి కలపాలి. పైకెళ్లేకొద్దీ బయటి పీడనం తగ్గుతుంది కాబట్టే అదే మంటకు థ్రస్ట్‌ పెరుగుతుంది.

ఇక స్ట్రెస్‌ సంగతి. రాకెట్‌ ఉపరితలాన్ని గాలి లంబంగా నొక్కుతుంది, అది పీడనం. పక్కనుంచి ఒరుసుకుంటూ లాగుతుంది, అది షియర్‌ స్ట్రెస్‌. వేగం పెరుగుతుంటుంది, గాలి పలచబడుతుంటుంది. సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వచ్చే డైనమిక్‌ ప్రెషర్‌ ఒకచోట గరిష్ఠానికి చేరి తగ్గుతుంది. దాన్నే మ్యాక్స్‌ క్యూ అంటారు. ‘వేగం ఇంకా పెరుగుతున్నా ఎందుకు తగ్గింది?’ అన్నది ఇంటర్వ్యూలకు మంచి ప్రశ్న.

గేట్‌కు చదువుతున్నారా? ఈ రాత్రికి వంపు తిరిగిన పైపు లెక్క ఒకటి తీయండి. ఫార్ములా కంటే ముందు డబ్బా గీయండి.